సుల్తాన్ బజార్‌లో జాకెట్ ముక్క

మా చెల్లెలి కూతురి పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నాక ఇంట్లో మొదటి గొడవ జాకెట్ ముక్క దగ్గర వచ్చింది.

అమ్మ కట్టుకోవాలనుకున్న చీర పాతదే. పోచంపల్లి పట్టు, ఉల్లిపొర రంగు, నెమలికంఠం అంచు. చీర చెక్కుచెదరలేదు గానీ జాకెట్ బిగుతైపోయింది, ఇరవై ఏళ్ల కిందటిది మరి. మా ఆవిడ ఫోన్ తీసి "అత్తయ్యా, ఇందులో ఎన్ని రంగులున్నాయో చూడండి, రేపు సాయంత్రానికల్లా ఇంటికే వస్తుంది" అంది. అమ్మ కళ్లజోడు సర్దుకుని కాసేపు శ్రద్ధగానే చూసింది, వేలితో పైకీ కిందికీ జరిపింది కూడా. తర్వాత ఫోన్ తిరిగిచ్చేసి, "ఫోన్ల రంగెట్ల తెలుస్తదమ్మా, ఎండల చూడాలె" అని, నా వైపు తిరిగి "సుల్తాన్ బజార్ పోదాం పా" అంది, పక్క సందులో పాల ప్యాకెట్ తెచ్చుకుందాం అన్నంత తేలిగ్గా.

అమ్మకిప్పుడు 77 ఏళ్లు. హైదరాబాద్ చిక్కడపల్లిలో మా పాత ఇంట్లోనే తమ్ముడి దగ్గర ఉంటుంది. మేం నల్లగండ్ల వైపు వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. సుల్తాన్ బజార్‌కి నేను చివరిసారి ఎప్పుడెళ్లానో గుర్తు చేసుకుంటే తేలలేదు. ఒకప్పుడు మాత్రం నెలకోసారి తప్పనిసరి.

నా చిన్నతనం అంటే 80ల మొదట్లో, నాన్నకి జీతం వచ్చిన తర్వాతి శనివారమో ఆదివారమో ప్రయాణం. నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా. చిక్కడపల్లిలో బజారు లేక కాదు, అక్కడ కూరగాయలు, కిరాణా, బట్టలు అన్నీ దొరికేవి. కానీ అమ్మ లెక్కలో అక్కడివన్నీ "రోజు సామాన్లు". చీర, జాకెట్ ముక్కలు, లంగా గుడ్డ, గాజులు, స్టీలు గిన్నెలు, మాకు స్కూలు బట్టలు, ఇవి మాత్రం సుల్తాన్ బజార్‌లోనే కొనాలి. ఇక్కడి కంటే మీటరుకి రెండు రూపాయలు తగ్గుతుందని పైకి చెప్పే కారణం. బస్సు టికెట్లు, మధ్యలో మాకు కొనిపెట్టే చాటు, అన్నీ కలిపితే ఆ మిగిలే రెండు రూపాయలు ఎప్పుడో పోయేవని నాన్న గొణిగేవాడు. అయినా ఆయనే ముందు చెప్పులేసుకునేవాడు, ఎందుకో తర్వాత చెప్తా.

పొద్దున పది, పదకొండు మధ్యలో బయల్దేరాలి. సాయంత్రం పోకూడదు, అది అమ్మ రూలు. సాయంత్రం ఎండ పసుపు, అన్ని రంగుల్నీ మార్చేస్తుంది, మోసపోతాం అనేది. అప్పుడు నాకు ఇదో చాదస్తంలా ఉండేది. ఈమధ్య ఫోటోలు తీసే పిచ్చి పట్టాక తెలిసొచ్చింది అమ్మ ఎంత కరెక్టో.

కోఠీ బస్టాపులో దిగి మహిళా కళాశాల గోడ పక్కనుంచి నడిచి రోడ్డు దాటితే మొదలయ్యేది ఆ ప్రపంచం. చేతిలో ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట, ఆకుపచ్చా తెలుపూ గళ్లు, అప్పుడు ప్రతి ఇంట్లో ఒకటుండేది. మోసేది నేను. తమ్ముడు అమ్మ కొంగు పట్టుకునేవాడు. తప్పిపోతే గడియారం స్తంభం దగ్గర నిలబడాలని ప్రతిసారీ చెప్పేది, ఒక్కసారీ తప్పిపోలేదు. కాస్త తప్పిపోయి చూడాలని నాకు మాత్రం ఆశగా ఉండేది.

మ్యాచింగ్ దుకాణం ఎలా ఉండేదో చెప్పాలి. ఎనిమిదడుగుల వెడల్పు, లోపలికి మాత్రం సొరంగంలా పొడుగు. గోడలకి కింది నుంచి పైకప్పు దాకా బట్ట తానులు, ఎర్రల పక్కన ఎర్రలు, పచ్చల పక్కన పచ్చలు. నేలంతా తెల్ల దుప్పటి పరిచిన పరుపు, చెప్పులు బయట విప్పి కూర్చోవాలి. సేటు ఒక మూల గల్లాపెట్టె దగ్గర. అమ్మ సంచిలోంచి చీర తీసి ఒడిలో పరిచేది. సేటు చీర వంక ఒక్కసారి చూసి వెనక్కి తిరక్కుండానే రంగు పేరు అరిచేవాడు. అప్పుడు మొదలయ్యేది అసలు తమాషా. అమ్మ రంగుల పేర్లు వేరు, సేటు పేర్లు వేరు. అమ్మ కనకాంబరం అంటే ఆయన గజ్జరీ అనేవాడు. అమ్మకి ఆకాశం రంగైతే ఆయనకి ఫిరోజీ. గోరింటాకు అని అమ్మ అంటే "హా అమ్మా, మెహందీ" అని దించేవాడు. రామా గ్రీన్, రాణీ పింక్ అనేవి మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. ఏ రాముడో ఏ రాణో ఇప్పటికీ నాకు తెలీదు. ఉల్లిపొర దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది బండి, ఎందుకంటే ఉల్లిపొరలు రెండు రకాలు, ఎర్ర ఉల్లి పై పొర ఒకటి, లోపలి పొర ఒకటి, అమ్మకి కావలసింది ఎప్పుడూ ఆ రెండింటి మధ్యది.

సేటు వాళ్లది గుజరాతో మార్వాడో మాకు పట్టేది కాదు, అందరూ సేట్లే. తెలుగు మాట్లాడేవాళ్లు, క్రియ మొత్తం తెలుగు, మిగతాది ఉర్దూ. "అమ్మా రంగ్ పోదు, గ్యారంటీ ఇస్తున్న, పోతే తెచ్చి నా మొహం మీద కొట్టు." అమ్మ వెంటనే "మొహం మీద కొడితే నా పైసలొస్తయా?" అనేది. నెల నెలా అదే మాట, అదే జవాబు, ఇద్దరూ అదే నవ్వు.

లోపల ట్యూబ్‌లైట్లు. ట్యూబ్‌లైట్ కింద అన్నీ మ్యాచ్ అయినట్టే ఉంటాయి. అమ్మ మెల్లగా "బాబూ, ఎండల చూపియ్యి" అనేది. వెంటనే దుకాణంలో పనిచేసే పిల్లవాడు చీర కొంగు ఒక చేత్తో, తాను కొస ఒక చేత్తో పట్టుకుని గడప దాటి వీధిలోకి వెళ్లేవాడు. అమ్మ గడప దాకా వచ్చి నిలబడి చూసేది. అటు పక్క మ్యాచింగ్ దుకాణం ముందు ఇంకో పిల్లవాడు ఇంకెవరి చీరో పట్టుకుని అలాగే నిలబడి ఉండేవాడు. ఒక్కోసారి వీధి పొడవునా నలుగురైదుగురు, ఒక్కొక్కరి చేతిలో రెండేసి రంగులు, మధ్యలోంచి రిక్షాలు, హారన్లు, "జరగు జరగు" అని తోపుడుబండ్లు. సుల్తాన్ బజార్ అంటే నా కళ్లకి ఇప్పటికీ కనపడే బొమ్మ అది. అమ్మ తల అడ్డంగా ఊపితే పిల్లవాడు లోపలికి పరుగెత్తి ఇంకో తాను తెచ్చేవాడు. నిలువుగా ఊపితే సేటు కత్తెర తీసేవాడు. ముప్పావు మీటరా ఎనభై పాయింట్లా అని మళ్లీ ఒక చర్చ, అది వేరే కథ.

ఆ పిల్లవాళ్లకి నా వయసే ఉండేది. పది, పన్నెండు. నేను బుట్ట పట్టుకుని కూర్చుని వాడి చురుకుదనం చూసి ముచ్చట పడేవాణ్ని, పోటీ పడి తాను నేను మోస్తానని లేచేవాణ్ని కూడా. వాడు బడికెప్పుడు పోతాడన్న అనుమానం నాకు రాలేదు, అమ్మానాన్నలకి వచ్చినట్టూ లేదు. పాత రోజులు ఎంత బాగుండేవో అని రాసేటప్పుడు నేను ఇక్కడ కొంచెం ఆగుతా.

ఇప్పుడు నాన్న సంగతి. ఆయన మమ్మల్ని మొదటి దుకాణంలో దింపి మాయమయ్యేవాడు. వెళ్లేది ఎక్కడికంటే అక్కడే సుల్తాన్ బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయానికి. 1901లో పెట్టిన గ్రంథాలయం అది. పాత హైదరాబాద్ రాజ్యంలో తెలుగు పుస్తకాల కోసం మొదలైన ఆ చోట నాన్న పేపర్లన్నీ వరసబెట్టి చదివేవాడు. మా అమ్మకి గుడ్డ ఎలాగో ఆయనకి అచ్చు కాగితం అలాగ. రెండు గంటల తర్వాత చెప్పిన చోటికి సరిగ్గా వచ్చి "అయిందా?" అనేవాడు, బేరాలన్నీ తనే ఆడి అలసిపోయినట్టు మొహం పెట్టి.

ఆ బజారు అక్కడే ఎందుకుందో కూడా నాన్నే చెప్పాడు. కోఠీ అంటే పెద్ద భవనం, అది రెసిడెంట్, అంటే నిజాం దగ్గర ఇంగ్లిష్ వాళ్ల ప్రతినిధి, ఉండే బంగళా, 1800ల మొదట్లో కిర్క్‌పాట్రిక్ అనే రెసిడెంట్ హయాంలో కట్టింది. దాని చుట్టుపక్కలంతా నిజాం అజమాయిషీ కాకుండా రెసిడెన్సీ చేతిలో ఉండేది. డబ్బున్న సాహుకార్లు, వడ్డీ వ్యాపారులు అక్కడైతే భద్రమని చేరారు, దుకాణాలు పెరిగాయి. పేరు రెసిడెన్సీ బజార్. 1933లో ఆ ప్రాంతం మళ్లీ నిజాం చేతికొచ్చాక సుల్తాన్ బజార్ అయింది. రెసిడెంట్ బంగళాలోకి స్వాతంత్ర్యం తర్వాత ఆడపిల్లల కాలేజీ వచ్చింది, మా చిన్నమ్మ అక్కడే చదివింది. అంత పెద్ద స్తంభాల మధ్య కూర్చుని లెక్చరర్ చెప్పేది వినకుండా పావురాల్ని లెక్కపెట్టేవాళ్లమని చెప్పేది. ఇప్పుడది విశ్వవిద్యాలయం, చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఏ పేరు పెట్టినా బస్సు కండక్టర్లకి మాత్రం అది విమెన్స్ కాలేజే.

ఆ బజారులో ఒక్కొక్క సందుది ఒక్కొక్క సరుకు. బడిచౌడి వైపు కూరగాయలు, బట్టలు. ట్రూప్ బజార్ నిండా నల్లాలు, గొట్టాలు, స్విచ్చులు, ఇల్లు కట్టుకునేవాళ్లంతా అక్కడే. గుజరాతీ గల్లీ మగవాళ్ల మ్యాచింగ్ సెంటర్. రేడియో విడిభాగాలు, స్పీకర్లు, టీవీ వచ్చాక యాంటెన్నాలు, బూస్టర్లు. మా ఇంట్లో టీవీలో బొమ్మ మీద మంచు కురిసినప్పుడల్లా నాన్న గుజరాతీ గల్లీకి వెళ్లి ఏదో ఒక వైరు తెచ్చేవాడు, మంచు మాత్రం తగ్గేది కాదు. నేను ఇంటర్లో ఉన్నప్పుడు నాలుగు ముక్కలు కొనుక్కుని చెక్క డబ్బాలో యాంప్లిఫయర్ బిగించా. అది పాట కంటే బుసలు ఎక్కువ కొట్టేది. ఆ గల్లీ మాత్రం గట్టిది. రేడియోలు పోతే టేప్ రికార్డర్లు, అవి పోతే సీడీ ప్లేయర్లు, తర్వాత సీసీ కెమెరాలు, ఎల్ఈడీ పట్టీలు. సరుకు మారుతుంది, గల్లీ మారదు. అక్కడి వాళ్లు పాత సరుకు కోసం ఒక్కరోజు కూడా ఏడ్చినట్టు నాకు కనపడలేదు.

పుస్తకాలు కోఠీ ఫుట్‌పాత్ మీద. జూన్ వచ్చిందంటే పాత పాఠ్యపుస్తకాలు అమ్మడం, పైతరగతివి కొనడం. ఇంజినీరింగ్‌లో ఒక పుస్తకం అక్కడే కొని, పరీక్ష కాగానే అక్కడే అమ్మేసి, తప్పానని తెలిశాక మళ్లీ అక్కడే కొన్నా, నా పేరు మొదటి పేజీలో అలాగే ఉంది, ధర మాత్రం ఇరవై పెరిగింది. ఆదివారాలైతే ఆబిడ్స్. షాపులన్నీ మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్‌లంతా పుస్తకాలు పరిచేవాళ్లు, ఇప్పటికీ పరుస్తున్నారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మేనియన్ అక్కడ దుకాణం పెట్టడం వల్ల ఆ పేరొచ్చింది. ఒక దుకాణం ఒక ప్రాంతానికి పేరై కూర్చుంది, దుకాణం మాత్రం లేదు.

కొన్నాక మొజంజాహీ మార్కెట్ దాకా నడిస్తే ఐస్‌క్రీమ్, అది వేసవిలో మాత్రమే దొరికే వరం. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌లో పళ్ల వ్యాపారం జోరుగా ఉన్న రోజుల గురించి అమ్మ చెప్పేది. హోల్‌సేల్ పళ్లు తర్వాత గడ్డిఅన్నారం పోయాయి, ఈమధ్య అక్కణ్నుంచి కూడా బాటసింగారం పోయాయి, గడ్డిఅన్నారంలో పళ్లమ్మిన చోట ఆసుపత్రి కట్టడం మొదలెట్టారు. హైదరాబాద్‌లో మామిడిపండు ప్రతి తరానికీ ఇంకాస్త దూరం జరుగుతూ ఉంటుంది.

మా ప్రయాణాలు ఎప్పుడు తగ్గాయో చెప్పలేను. ఒక్కరోజులో ఆగిపోలేదు. జనం కదిలారు, బజార్లు వాళ్ల వెంట కదిలాయి. మా బంధువులు సగం మంది దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం వైపు ఇళ్లు కట్టుకున్నారు, వాళ్లకి దిల్‌సుఖ్‌నగర్‌లోనే అంతస్తులు అంతస్తుల బట్టల షాపులు వచ్చేశాయి. ఇటువైపు వాళ్లకి అమీర్‌పేట. నా ఉద్యోగం మాదాపూర్ వైపు కావడంతో నాకు కోఠీ అంటే ట్రాఫిక్, పార్కింగ్, టెన్షన్. పెళ్లైన కొత్తలో మా ఆవిణ్ని ఒకసారి తీసుకెళ్లా. బండి పెట్టడానికి ముప్పావుగంట తిరిగి, చివరికి ఏమీ కొనకుండా తిరిగొచ్చాం. ఆ తర్వాత పంజాగుట్ట మాల్, ఇంకా తర్వాత ఇన్నార్బిట్. ఏసీ ఉంటుంది, ధర రాసి ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఆ చివరిది నాకు అప్పట్లో గొప్ప సుఖంగా అనిపించిన మాట దాచను.

అమ్మ మాత్రం వెళ్తూనే ఉండేది, పక్కింటావిణ్ని తోడు తీసుకుని. 2007 ఆగస్టు 25న, ఒక శనివారం సాయంత్రం, కోఠీలోని గోకుల్ చాట్ దుకాణం దగ్గర బాంబు పేలింది, అదే సాయంత్రం లుంబినీ పార్కులోనూ. నలభై మందికి పైగా చనిపోయారు. ఆ రోజు అమ్మ ఇంట్లోనే ఉంది, కానీ అది తెలిసేలోపు నేను ఫోన్ మీద ఫోన్ కొట్టిన ఆ పావుగంట ఇప్పటికీ నా కడుపులో ఉంది. మేం చిన్నప్పుడు ఆ కోఠీ సెంటర్‌లోనే నిలబడి చాటు తిన్నాం. ఆ తర్వాత రెండు మూడేళ్లు అమ్మని అటు పోనివ్వలేదు. ఆవిడ ఊరుకుంది. జాకెట్ ముక్కలు చిక్కడపల్లిలోనే తీసుకుని, ప్రతిదానికీ "కొంచెం తేడా ఉన్నది" అని ఒక మాట మాత్రం అనేది.

ఇంతలో మెట్రో గొడవ మొదలైంది. లైను సుల్తాన్ బజార్ నడిబొడ్డు మీదుగా పోతుందన్నారు. దుకాణదారులు ఒప్పుకోలేదు, బందులు చేశారు, షట్టర్లు దించుకుని రోడ్డు మీద కూర్చున్నారు. దారి మార్చాలని, భూమి లోపల నుంచి వేయాలని ఏళ్ల తరబడి రాజకీయం నడిచింది. తెలంగాణ రాష్ట్రం వచ్చాక ఇక మారుస్తారనే అనుకున్నాం. చివరికి లైను మాత్రం బజారు మీదుగానే వేశారు. కొన్ని కట్టడాల ముందు భాగాలు కోతకు పోయాయి, ఆ ఇరుకు వీధి మధ్యలో స్తంభాలు లేచాయి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ బస్ స్టేషన్ దాకా మెట్రో రైలు మొదలైంది, సరిగ్గా నెలన్నరకి లాక్‌డౌన్ వచ్చి అదీ ఆగింది. ఇన్నేళ్లు కొట్లాడి, దుమ్ము తిని, తీరా రైలొచ్చే వేళకి గిరాకీ లేని ఆ సేట్ల మొహాలు నేను చూడలేదు. చూడనందుకు ఒక రకంగా తప్పించుకున్నా.

సరే, ఇప్పటికి వద్దాం. చిక్కడపల్లి స్టేషన్‌లో ఎక్కి, నారాయణగూడ దాటి, సుల్తాన్ బజార్‌లో దిగాం. ఒకప్పుడు ఒక పూట పట్టే ప్రయాణం, అమ్మ ఇంకా హ్యాండ్‌బ్యాగ్ సర్దుకుంటుండగానే అయిపోయింది. "గింతేనా?" అంది, కొంచెం మోసపోయినట్టు. లిఫ్టులో దిగాం. స్టేషన్‌లో బాత్రూం బోర్డు చూసి అమ్మ ఆగింది. "ఇది ఉంటే ఎంత బాగుండు అప్పుడు" అంది. నాకు అర్థం కాలేదు. తర్వాత చెప్పింది, సుల్తాన్ బజార్ పోయే రోజు పొద్దున్నుంచీ నీళ్లు తాగేది కాదట. అక్కడ ఆడవాళ్లు వెళ్లడానికి ఎక్కడా చోటుండేది కాదు. ఎండలో అంతసేపు తిరిగి, మాకు సోడాలు తాగించి, తను మాత్రం ఇంటికొచ్చాక చెంబెడు నీళ్లు గటగటా తాగేది, అది నాకు గుర్తుంది. దాహం అనుకున్నా. బజారంతా ఆడవాళ్ల వస్తువులే, వచ్చేవాళ్లలో ముప్పాతిక మంది ఆడవాళ్లే, వందేళ్లకి పైగా సాగిన వ్యాపారం, ఆ ఒక్క గది కట్టాలని ఒక్క సేటుకీ తోచలేదు, మున్సిపాలిటీకీ తోచలేదు. మెట్రో మీద నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

కిందికి దిగాక ఆ దిగిన సగం మళ్లీ ఎక్కింది. వీధి చీకటిగా ఉంది. పట్టపగలు పన్నెండుకి, నవంబర్ నెలలో, చీకటని కాదు గానీ ఏదో పెద్ద చెట్టు కింద ఉన్నట్టు, పైన కాంక్రీటు, రెండు వైపులా సన్నటి ఆకాశం పట్టీలు. జనం తగ్గలేదు, అది ఒప్పుకోవాలి. గాజుల బండ్లు, హెయిర్ క్లిప్పులు, నైటీలు, ఫోన్ కవర్లు, ప్రతి బండికీ ఒక క్యూఆర్ కోడ్ అట్ట. స్తంభానికి ఆనుకుని ఒకాయన దుపట్టాలు వేలాడేశాడు, స్తంభాన్ని కూడా దుకాణం చేసేశారు, నాకు నవ్వొచ్చింది.

అమ్మ దారి అడగలేదు. మోకాళ్ల నొప్పి మర్చిపోయి నా కంటే ముందు నడిచింది. మూడో దుకాణం దగ్గర ఆగి "ఇదే" అంది. బోర్డు కొత్తది, గాజు తలుపు కొత్తది, పరుపు లేదు, స్టూళ్లున్నాయి. కూర్చున్న కుర్రాడికి ముప్పై ఉంటాయేమో. అమ్మ "సేటు లేడా?" అంటే "నేనే కదా అమ్మా" అన్నాడు. తర్వాత అర్థమై, "దాదాజీనా? పోయారమ్మా, పదేళ్లయింది" అన్నాడు. తెలుగు శుభ్రంగా మాట్లాడాడు, నా కంటే శుభ్రంగా. అమ్మ ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత సంచిలోంచి చీర తీసి ఒడిలో పరిచింది.

"ఉల్లిపొర" అంది.

"పీచ్ కదమ్మా ఇది?"

"పీచ్ గాదు బిడ్డా, ఉల్లిపొర."

అతను నవ్వి పీచ్ రంగులు ఎనిమిది పరిచాడు. నిజం చెప్పొద్దూ, అప్పటి కంటే ఎక్కువ రకాలున్నాయి. అమ్మ మూడు పక్కన పెట్టింది, మూడింటినీ మార్చి మార్చి పెట్టింది, చివరికి ఒకటి పట్టుకుని, అలవాటుగా, "బాబూ, ఎండల చూపియ్యి" అంది.

కుర్రాడు లేచాడు. చీర కొంగూ తానూ పట్టుకుని గాజు తలుపు తోసుకుని బయటికి వెళ్లాడు, మేమూ వెళ్లాం. అక్కడ ఎండ లేదు. అటు చూశాడు, ఇటు చూశాడు, పైకి చూశాడు. రైలొకటి తల మీదుగా వెళ్లింది. "ఇక్కడ ఎండ రాదమ్మా ఇప్పుడు, మెట్రో వచ్చినప్పట్నుంచీ ఇంతే" అని జేబులోంచి ఫోన్ తీసి టార్చ్ వేశాడు. తెల్లటి వెలుగు. అందులో అన్నీ మ్యాచ్ అయినట్టే ఉన్నాయి. సందు చివర దాకా వెళ్తే కాస్త ఎండ వస్తుందన్నాడు, కానీ దుకాణంలో ఒక్కడే ఉన్నాడు, పనిపిల్లలు లేరు. చీర తీసుకుని నేనే వెళ్లొస్తానన్నా, అమ్మే వద్దంది. "మంచిగనే ఉన్నది తియ్" అంది. ఆ మాట ఆవిడ అంత తొందరగా అనడం నేనెప్పుడూ వినలేదు.

బేరం ఆడింది, అదొక ఊరట. అతను 20 రూపాయలు తగ్గించి, "దాదాజీ కస్టమర్ కాబట్టి" అన్నాడు. రంగు పోదు కదా అని అడిగింది. నేను ఊపిరి బిగబట్టుకుని పాత జవాబు కోసం చూశా. "వాష్ కేర్ చూసుకోండమ్మా, ఫస్ట్ టైమ్ డ్రై క్లీన్ బెటర్" అన్నాడు పాపం, మర్యాదగా. ఫోన్‌తో డబ్బులు కొట్టా.

తర్వాత లైనింగ్ గుడ్డ, ఫాల్, మా చెల్లెలికి గాజులు, ఎందుకు పనికొస్తాయో తెలియని రెండు స్టీలు డబ్బాలు. భాషా నిలయం వైపు పోయొద్దామా అంటే అమ్మ "మీ నాయన లేడు గదరా, ఎవరిని తీస్కరానికి?" అంది మామూలుగా. మూడింటికి మళ్లీ స్టేషన్ ఎక్కాం.

ప్లాట్‌ఫామ్ మీద నిలబడితే బజారు రెండో అంతస్తు కళ్లెదురుగా ఉంది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ తలెత్తి చూడని అంతస్తు. ఇనప కటకటాల వసారాలు, రంగు వెలిసిన చెక్క తలుపులు, ఒక ఇంట్లో ఆరేసిన బట్టలు, కిటికీ పక్కనే మంచం మీద ఎవరో ముసలాయన పడుకుని ఉన్నాడు. రైళ్లకి ఆయన అలవాటు పడినట్టున్నాడు, మేం చూస్తున్నా మా వైపు తిరగలేదు. ఆ కింద దుకాణాల్లో కూర్చుని కొనుక్కున్నంత కాలం పైన ఇళ్లున్నాయని మాకు తోచనే లేదు.

రైల్లో ఆడవాళ్ల వైపు ఒకమ్మాయి లేచి అమ్మకి సీటిచ్చింది. నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డా. స్టేషన్ కప్పు దాటి రైలు బయటికి రాగానే ఎడమ కిటికీలోంచి ఎండ భళ్లున లోపల పడింది, అందరి ఒళ్లోకీ. అమ్మ కళ్లు చిట్లించింది. ఒక్క క్షణం ఆగి, చటుక్కున సంచి జిప్పు తీసింది. చీర కొంగు కొంచెం బయటికి లాగింది, కాగితం చుట్ట విప్పి జాకెట్ ముక్క దాని మీద పెట్టింది, రెండింటినీ కిటికీ దగ్గరికి జరిపింది. సీటిచ్చిన అమ్మాయి కూడా వంగి చూసింది. ఎదురు సీట్లో ఉన్నావిడ కూడా. బడిచౌడి కప్పులు వెనక్కి పోతున్నాయి.

నేను అడగలేదు. అమ్మ వేళ్లతో గుడ్డని అటు తిప్పింది, ఇటు తిప్పింది, తలెత్తి నా వైపు చూసింది.

"కొంచెం తేడా ఉన్నది రా" అంది. "రేపు మళ్ల పోదాం."